ఇరవై నాలుగులో ఇద్దరు

ఫిల్ము అబద్ధం చెప్పదని అందరూ అంటారు. ఆ వానాకాలం మా ఇంటికి వచ్చిన కష్టమంతా అదే.

అప్పటికి నేను తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో శివప్రకాశం మాస్టర్ స్టూడియోలో పనిచేస్తున్నాను. పెళ్ళిళ్ళకీ చెవులు కుట్టే ఫంక్షన్లకీ డిజిటల్ కెమెరా. నా పిచ్చి మాత్రం వేరు. వీధుల్లో మనుషుల్ని ఫిల్ము మీద తియ్యాలి. అది చూసి మాస్టర్ తన పాత ఫిల్మ్ కెమెరా ఒకటి నా చేతిలో పెట్టారు. దానికి లెన్సు లేదు. వానలు దిగకముందు ఒక మధ్యాహ్నం అద్దాల బీరువా తాళం తీసి, మూడు లెన్సులు బల్ల మీద వరసగా నిలబెట్టారు.

"ముప్పై అయిదు, ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు. అంకె తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ పడతాది. ఒకటి తీసుకో. ఒకటే."

"మూడూ మార్చి మార్చి వాడితే ఏం మాస్టర్?"

"మూడు బస్సుల కోసం చూసేవాడు యాడికీ పోడు మా. ఒకటి పెట్టుకుంటే కన్ను దానికి అలవాటు పడతాది."

"అయితే ఏది మంచిది?"

"ఏది మంచిదని అడగబాక. నువ్వు యాడ నిలబడి తీస్తావో అది చెప్పు."

నాకు తెలియలేదు. మూడూ సంచిలో వేసుకుని బజారులోకి పోయాను. ముప్పై అయిదు పెట్టి, వీధికి ఈ పక్క నుంచి ఆ పక్క వడలు వేసే ఆమెను తీశాను. ఆమెకు తెలియనే లేదు. ఇరవై ఎనిమిది పెట్టాక వీధి దాటాల్సి వచ్చింది. ఆమె తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది. ఇరవై నాలుగు పెట్టి, ఆమె ఫ్రేములో చీమంత కాకుండా ఉండాలంటే బాణలి పక్కకే పోవాలి. నూనె చిట్లి మోచేతి మీద పడింది. ఆమె జల్లెడగరిటె నా వైపు చూపించి, "ఏం మా, వడ కావాల్నా, నేను కావాల్నా?" అంది. పక్కన టీ తాగుతున్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు కూడా ఫ్రేములో పడింది.

ప్రింట్లు చూసి మాస్టర్ ఒక మాట అన్నారు. "ముప్పై అయిదులో నువ్వు చూసింది వస్తాది. ఇరవై నాలుగులో నువ్వు చూడంది కూడా వస్తాది. అంచుల్లో మొకాలు పెట్టబాక, రబ్బరు మాదిరి సాగిపోతాయి. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఇంటికి పోయాను. అక్కడ ఆలోచించేదేమీ లేకపోయింది. మాది తిరుత్తణి అవతల చిన్నకండ్రిగలో దళితుల కాలనీ. ఎదురెదురు ఇళ్ళ చూర్లు తగులుకునేంత సందులు. ముప్పై అయిదు పెట్టి అమ్మను వంటపొయ్యి దగ్గర తీద్దామని వెనక్కి జరిగితే వీపు గోడకు తగిలింది. ఫ్రేములో అమ్మ ముఖం ఉంది, పొయ్యి లేదు. ఇరవై ఎనిమిదికి సగం పొయ్యి వచ్చింది. ఇరవై నాలుగుకి అమ్మ, పొయ్యి, తలుపు, తలుపు బయట కోడి, అన్నీ వచ్చాయి.

వెనక్కి జరగడానికి చోటు లేని వాళ్ళకు లెన్సు ఒకటే. మిగతా రెండూ మాస్టర్‌కు తిరిగి ఇచ్చేశాను.

*

మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లు. నాన్న చర్చిలో ఏసు, కాయితంలో మునస్వామి. అక్క చర్చిలో ఏంజెలిన్, కాయితంలో అంజలి. నేను జెనిఫర్, కాయితంలో జయంతి. కాలనీలో సగం ఇళ్ళు ఇంతే. సర్టిఫికెట్లో హిందూ అని లేకపోతే మాకు రిజర్వేషన్ లేదు. చర్చికి పోయినంత మాత్రాన ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని అరుగు ఎక్కనివ్వరు, సర్కారు మాత్రం చర్చికి పోతే ఉద్యోగం ఇవ్వదు.

అమ్మకు ఒకటే పేరు, కుప్పమ్మ. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. ఆడి నెలలో గంగమ్మకు అంబలి పోస్తుంది. ఆదివారం నాన్న వెంట చర్చి దాకా వచ్చి వాకిట్లోనే ఆగిపోతుంది. లోపల ప్రార్థన జరుగుతున్నంత సేపూ అందరి పసిపిల్లల్నీ ఎత్తుకుని బయట నిలబడుతుంది. నాన్న పోయాక కూడా ఆ వాకిలి మానలేదు.

అక్క ఏళ్ళ తరబడి సర్కారు పరీక్షలు రాసి, చివరికి ఆ రిజర్వేషన్‌లోనే గెలిచింది. సర్టిఫికెట్లు చూశారు, సరే అన్నారు. పోస్టింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుని ఉంది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, అన్నం చేత్తోనే లేచి వాకిట్లోకి వచ్చేది.

చర్చిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు రొట్టె పంచే ఆదివారం నేను ఇరవై నాలుగు పెట్టుకుని పోయాను. చర్చి అంటే రేకుల కప్పు కింద ఒకే గది. ఒక పక్క గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఫోకస్ దూరం ముందే లెన్సు గీతల మీద పెట్టేసి, దగ్గరిదీ దూరందీ అంతా స్పష్టంగా పడేలా చేసుకున్నాను. నేను చూసింది నడిమధ్య మోకరించిన ముసలమ్మల వీపుల్ని. వాళ్ళ అరికాళ్ళు తెల్లగా పగిలి, పొలం మాదిరి ఉన్నాయి. నొక్కాను.

ప్రింటు కడిగినప్పుడు చూస్తే నేను చూడని ఇద్దరున్నారు. ఎడమ అంచున, గుమ్మం బయట అమ్మ. రెండు చంకల్లో ఇద్దరు పిల్లలు, కళ్ళు మూసుకుని, కాళ్ళకు చెప్పులతో. ఆమె వెనక వాకిలి గోడ మీద శిలువ. కుడి మూలన, ముసుగు కప్పుకుని, రొట్టె కోసం చేతులు చాచి అక్క. లెన్సు అంచున పడి ముఖం అడ్డంగా సాగిపోయి, పరాయి వాళ్ళకు ఎవరో అనిపించేలా ఉంది. మాస్టర్ ఆ ప్రింటు ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఇది బాగుందని నేను చెప్పను. చెప్తే చెడిపోతావు," అని, తిరువళ్ళూరులో ఫోటోగ్రాఫర్ల సంఘం పెట్టిన ప్రదర్శనలో వేలాడదీయించారు.

ఆ ప్రదర్శనకు మా ఊరి నుంచి ఒకే ఒక్క మనిషి వచ్చాడు. దినకర్. ఊళ్ళో పెద్ద రైతు జయరామయ్య కొడుకు.

"మన ఊరు గదా ఇది! కుప్పమ్మే గదా!" అని సంబరపడి, ఫోనులో అమ్మ వరకూ దగ్గరకు లాక్కుని ఫోటో తీసుకున్నాడు. "సూపర్ జెన్నీ. నాయనకు చూపిస్తా."

నేను సంతోషపడ్డాను.

*

అయిప్పసి నెల వానలతో పాటు పంచాయతీ ఎలక్షన్ వచ్చింది. మా పంచాయతీ ప్రెసిడెంటు సీటు ఆ తడవ మా కులం ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది. జయరామయ్య కంగారు పడలేదు. తన ట్రాక్టరు డ్రైవరు భార్య వనజాక్షి చేత నామినేషన్ వేయించాడు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. అందరికీ తెలిసిన ఏర్పాటే.

అమ్మ ఎవరితో చెప్పకుండా తిరుత్తణి పంచాయతీ యూనియన్ ఆఫీసుకు పోయి తనూ నామినేషన్ వేసి వచ్చింది.

"ఏం మా, నీకు తలకాయ తిరిగిందా?" అంది అక్క.

"మీ నాయన్ను ఎట్ల తీసుకుపోయినామో మరిచిపోయినావా?"

కాలనీ నుంచి శ్మశానానికి పోయే దోవకు అడ్డంగా జయరామయ్య కంచె వేసి ఏళ్ళయింది. చస్తే వరికయ్యల్లో దిగి, నడుముల్లోతు నీళ్ళలో పాడెను తలకాయల మీద పెట్టుకుని మోయాలి. నాన్నను కూడా వానల్లోనే మోశారు. ఒకచోట కాలు జారి పాడె పక్కకు ఒరిగింది.

"ప్రెసిడెంటు సంతకం ఉంటే ఆ కంచె తియ్యొచ్చంట. నేను ఇంగేమీ అడగను. ఆ దోవ ఒకటి," అంది అమ్మ.

కాలనీ మొత్తం అమ్మ వెనక నిలబడింది. నామినేషన్లు పరిశీలించి అమ్మది ఓకే చేశారు. ఆ సాయంత్రం ఇంటి ముందు పటాకులు కాల్చారు. వాసన ఇంకా పోకముందే యూనియన్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

ఆఫీసర్ బల్ల మీద ఒక ప్రింటు ఉంది. అమ్మ ముఖం, మూసిన కళ్ళు, వెనక శిలువ. నడుము కింద ఏమీ లేదు. దినకర్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి కాలు దించాడు, అంతే.

"ఈమె క్రిస్టియన్ అని ఆక్షేపణ ఇచ్చినారు. క్రిస్టియన్ అయితే ఈ సీటుకు నిలబడే హక్కు లేదు," అన్నాడు ఆఫీసర్. చెడ్డవాడు కాదు. నిద్ర లేని కళ్ళు, చల్లారిన కాఫీ. "ఏం మా, ఇది నువ్వేనా?"

"నేనే సామీ. చర్చి బయట ఉండా. పిల్లోళ్ళను ఎత్తుకోని."

"ఫోటోలో బయట అని కనపడలేదే?"

"కత్తిరించినారు సార్," అన్నాను. "నేను తీసిన ఫోటో ఇది. అసలు దాంట్లో మా అమ్మ కాళ్ళకు చెప్పులుండాయి. చెప్పులతో ఎవరూ ప్రార్థనకు పోరు."

"అట్లనా! అయితే అసలుది తీసుకురా."

"మొత్తం ప్రింటు తెస్తా సార్."

దినకర్ నవ్వాడు. "నేను ఒక పక్క కత్తిరించినానంటే, రేపు ఆమె ఇంకొక పక్క కత్తిరిస్తాది సార్. ఫిల్ము కెమెరా గదా, ఫిల్మే తెమ్మనండి. దాంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఆఫీసర్‌కు అది నచ్చింది. "కరెక్ట్. రేపు పొద్దున ఫిల్ము తీసుకురా మా. వెల్తురులో పెట్టి చూస్తా. మీ అమ్మ బయట ఉంటే నోట్ రాసి ఆక్షేపణ కొట్టేస్తా. తేలేదంటే కలెక్టరు విచారణకు పోతాది. పాస్టరునీ, మీ ఇంట్లో వాళ్ళనీ అందరినీ పిలుస్తారు." అని, గొంతు తగ్గించి అమ్మతో అన్నాడు: "వాపసుకు కూడా రేపే కడపటి రోజు. వాపసు తీసుకుంటే ఈ ఫైలు ఇక్కడే ముగిసిపోతాది."

"వాపసా? ఎందుకు సామీ? మా పాప దగ్గర ఫిల్ము ఉందే!" అంది అమ్మ. తలెత్తి, దినకర్ వైపు చూస్తూ.

అప్పుడే నాకు కుడి మూల గుర్తొచ్చింది. తల దించుకున్నాను.

*

తిరువళ్ళూరు రైల్లో కూర్చునేదానికి సీటున్నా నిలబడే పోయాను. అమ్మను కాపాడే ముక్క, అక్కను ముంచే ముక్క ఒకే ఫిల్ము మీద, ఒకే చట్రంలో ఉన్నాయి. మధ్యలో ముసలమ్మల వీపులు. ప్రదర్శనలో ఎవరూ కుడి మూల చూడలేదు, చూసే అవసరం ఎవరికీ లేదు కాబట్టి. రేపు దినకర్ ఆ బల్ల మీద వంగి అంగుళం అంగుళం చూస్తాడు. ఒకే ఊళ్ళో పెరిగినవాడు. ముఖం ఎంత సాగినా అక్కను గుర్తుపట్టడానికి వాడికి ఎంతసేపు?

స్టూడియోలో మాస్టర్‌కు విషయం చెప్పి, ప్రింటూ నెగెటివూ తీసుకుని వెనక డార్క్‌రూములో దూరాను. ఎర్ర లైటు వేసి తలుపు బిగించాను. ఒకప్పటి స్నానాలగది అది. కిటికీ లేదు. బల్ల మీద కత్తెర ఉంది.

మూల ఒక్కటి కత్తిరిస్తే? చట్రం కొలత చూసిన ఎవడికైనా దొరికిపోతాను. మొత్తం కాల్చేస్తే? విచారణ వస్తుంది, చర్చి తలుపు దాకా వస్తుంది. అక్కకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరయ్యే సాక్షి అవుతాడు. ఇస్తే అక్క. ఇవ్వకపోతే ఇద్దరూ.

బయట షట్టరు చప్పుడైంది.

"మాస్టర్, జెన్నీ ఉందా?"

దినకర్ గొంతు. నా చెయ్యి కత్తెర మీదే ఆగిపోయింది.

"ఉంది సార్. డార్క్‌రూములో. ఫోటో పేపరు తెరిచి ఉంది, ఇప్పుడు తలుపు తీస్తే అంతా నల్లగా అయిపోతాది. కూర్చోండి," అన్నారు మాస్టర్. లోపల పేపరు లేదు, నీళ్ళు కూడా లేవు. ట్రేలు ఎండిపోయి ఉన్నాయి.

కుర్చీ లాగిన చప్పుడు. ఆ స్టూడియోకు ముందు తలుపు తప్ప ఇంకో దారి లేదు. నేను ఎండు ట్రేల ముందు, ఎర్ర వెలుతురులో, నెగెటివ్ గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. చెమట కారి అది తడుస్తుందేమోనని మళ్ళీ దూరంగా పట్టుకున్నాను.

తలుపు దగ్గరకు వచ్చి మాట్లాడాడు, మెల్లగా, చిన్నప్పుడు బడికి పిలిచినట్టు.

"జెన్నీ, నీ మీద నాకేం కోపం లేదు. ఫోటో బాగా తీస్తావు. నాయన అడిగి రమ్మన్నాడు. ఆ ఫోటోలో ఇంకా ఎవరెవరు ఉండారు?"

"ముసలోళ్ళు అన్నా. మీరు చూసినారు గదా."

"నేను కుప్పమ్మను మాత్రమే చూసినా. మిగతాది చూడలేదు. ఇప్పుడు అనిపిస్తా ఉంది, చూసుండాల్సిందని." గొంతు తలుపుకు ఇంకా దగ్గరైంది. "నువ్వు యూనియన్ ఆఫీసులో తెల్లపోయినావు. మీ అమ్మ తలెత్తింది, నువ్వు దించినావు. యాల?"

నేను ఎండు ట్రే ఒకటి బల్ల మీద అటూ ఇటూ జరిపాను, పని చేస్తున్నట్టు.

"మాస్టర్, ఎంతసేపు పడతాది ఈ పని?"

"కొన్నిసార్లు రెండు నిమిషాలు సార్, కొన్నిసార్లు సాయంత్రం దాకా. వెల్తురు తగలకూడదు, అంతే. కాఫీ చెప్పమంటారా?"

కాఫీ వచ్చింది, తాగాడు. ఫోను మాట్లాడాడు. వాన మొదలైంది. చివరికి వెళుతూ తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టాడు. "సరి జెన్నీ. రేపు ఆఫీసులో చూస్తాం గదా."

అతను పోయాక కూడా నేను చాలాసేపు తలుపు తియ్యలేదు.

*

ఇంటికి చేరేసరికి అక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"తెచ్చినావా? ఇటు ఇయ్యి. నేను కూడా వస్తా రేపు. ఆ దినకర్ మొకాన చూపించి వస్తా."

"తెచ్చినా."

"మరి ఇయ్యి మే! దాచిపెట్టేదేంది? పటాకులు కాల్చిన కాలనీ మొత్తం రేపటి కోసరం చూస్తా ఉంది. నీకేమో ఏడుపు మొకం!"

నేను సంచి వదల్లేదు. అక్క లాగింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి మమ్మల్నిద్దర్నీ చూసింది. నన్ను ఇంకాస్త ఎక్కువ చూసింది.

"ఆంజీ, పోయి కొళాయి దగ్గర బిందె పెట్టు. ఈ పొద్దు నీళ్ళు ముందే ఆపేస్తారంట."

అక్క గొణుక్కుంటూ బిందె తీసుకుని పోయింది. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని చెయ్యి చాచింది. నేను ప్రింటు ఇచ్చాను.

అమ్మ ముందు తనను చూసుకుంది. చెప్పులు చూసుకుంది. ముఖం విచ్చుకుంది. తర్వాత చూపు మెల్లగా వీపుల మీదుగా పోయి, కుడి మూలన ఆగింది.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"ఎవురిది? ఇంత వెడల్పు మొకం?"

"అంచున పడితే సాగుతాది మా."

"మీ నాయన కూడా ఇట్లే పట్టేవాడు చేతులు. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన." వేలితో ఆ చేతుల్ని తాకింది. "ఈ మూల తీసేస్తే?"

"ఫిల్ము మొత్తం చూస్తారు."

"నువ్వు ఇంకొక లెన్సు అంటా ఉండావే, దాంతో తీసుంటే?"

"ముప్పై అయిదుతో అయితే ఇద్దరూ పట్టరు. ఒకరే వస్తారు."

"ఎవురు?"

అమ్మ ప్రింటును తిరగేసి, దాని మీద పడ్డ బూడిద నలుసు ఊది, నా సంచిలో తనే పెట్టింది.

"దానికి చెప్పబాక."

"మా..."

"చెప్తే ఏం చేస్తాదో నాకి తెలుసు. ఉద్యోగం వొద్దంటాది. నోటితో అంటాది. ఆ పైన నా మొకం చూసినప్పుడల్లా దానికి ఆ ఉద్యోగం కనపడతాది. నేను బతికినంత కాలం."

అక్క బిందెతో వచ్చేసరికి అమ్మ అన్నం వారుస్తోంది.

"ఆంజీ, నేను వాపసు తీసుకుంటా," అంది, గంజి మీద నుంచి చూపు తిప్పకుండా.

బిందె నేలకు తగిలి నీళ్ళు చిందాయి. "ఏమన్నావు?"

"నాకి భయంగా ఉంది. కలెక్టరు, విచారణ, అవన్నీ నా వల్ల కాదు."

"నీకా భయం? నాయన్ను మోసేటప్పుడు నడుముల్లోతు నీళ్ళలో ముందు నడిచినదానివి!"

"అప్పుడు వయసులో ఉండా."

"మొన్న మా! మొన్న మాట అది!" అక్క నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పవే! ఫిల్ము ఉంది గదా? దాంట్లో అమ్మ బయటే ఉంది గదా? ఉందా లేదా?"

"ఉంది," అన్నాను.

"ఇంగేం మరి?"

అమ్మ గరిటెతో కుండ అంచు మీద కొట్టింది. "చాలు. అన్నం తినండి."

*

మరునాడు యూనియన్ ఆఫీసులో దినకర్ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. భూతద్దం తెచ్చుకున్నాడు. బల్ల మీద బయటే పెట్టాడు, నాకు కనపడేలా.

"ఫిల్ము తెచ్చినారా?" అన్నాడు ఆఫీసర్.

"వాపసు కాయితం ఇయ్యండి సామీ," అంది అమ్మ.

ఆఫీసర్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఎవరన్నా బెదిరించినారా మా? ఇక్కడ చెప్పొచ్చు."

"లేదు సామీ. ఇంట్లో పనుంది."

అమ్మ సంతకం నేర్చుకున్నది ఈ ఎలక్షన్ కోసమే. పొడుగ్గా, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, పేరు రాసింది. దినకర్ భూతద్దం చేతిలో తిప్పుతూ నా సంచి వైపే చూస్తున్నాడు. గెలిచినవాడి ముఖం కాదు అది. తలుపు అవతల ఏముందో తెలియకుండానే మిగిలిపోయినవాడి ముఖం.

అమ్మ కలం బల్ల మీద పెట్టి అతని దగ్గర ఆగింది.

"చిన్నయ్యా, ఎట్లైనా మీరే గెలిచినారు. ఆ దోవ మాత్రం వొదలండి. పీనుగలకు ఓటు లేదు గదా."

అతను తల తిప్పుకున్నాడు.

బస్‌స్టాండుకు నడుస్తుంటే వాన పట్టుకుంది. గొడుగు ఉన్నా అమ్మ తెరవలేదు. నేను తెరవబోతే వద్దంది. బస్సులో అందరి మధ్య కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. తడిసింది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

*

వనజాక్షి పోటీ లేకుండా ప్రెసిడెంటు అయింది. కంచె అలాగే ఉంది.

కాలనీలో మాటలు మొదలయ్యాయి. కుప్పమ్మకు జయరామయ్య ఆవునిచ్చాడంట. కాదు, ఇంటికి స్లాబు వేయిస్తాడంట. కొళాయి దగ్గర అమ్మ బిందె పెడితే ఆడవాళ్ళు తమ బిందెలు ఒక జానెడు పక్కకు జరిపేవాళ్ళు. కార్తీక మాసంలో పెద్ద వానల్లో కాలనీలో ఒక ముసలాయన పోయాడు. మోయడానికి పిలిచిన వాళ్ళు మా ఇంటి తలుపు తట్టకుండా పక్కింటికి పోయారు. అమ్మ గెనిమ గట్టు మీద దూరంగా నిలబడి, నీళ్ళలో పోతున్న పాడెను చూసింది. ఆ రోజు నేను కెమెరా తీసుకుపోలేదు. ఫోటో తీయమని అమ్మే అంది. నాకు చేతులు రాలేదు.

ఇంట్లో ముగ్గురం ఒకరి పక్కన ఒకరం తిరుగుతూనే ఉన్నాం, మాటలు మాత్రం ఉప్పు, నీళ్ళు, తాళంచెవి వరకే. నాకు నోరు తెరవాలంటే భయం. ఏ మాట మొదలుపెట్టినా అది ఫోటోలో ఆ కుడి మూలకే పోయేది. మాస్టర్ స్టూడియోలో ఒకరోజు అడిగారు, లెన్సు మార్చుకుంటావా అని. కావాలంటే ముప్పై అయిదు ఇస్తానన్నారు. వద్దన్నాను. మా ఇల్లు పెద్దదేమీ కాలేదు కదా.

ఆర్డర్ వచ్చింది. ఆవడిలో ఒక ఆఫీసులో పోస్టింగ్. తిరుత్తణి నుంచి రోజూ రైల్లో పోయిరావచ్చు. అయినా అక్క అక్కడే హాస్టల్ చూసుకుంది.

బయలుదేరే రోజు అమ్మ టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. అక్క దాన్ని తీసుకుంది, అమ్మ ముఖం చూడలేదు.

"నీలాగా భయపడి బతికేదానికి నా వల్ల కాదు మా," అంది చెప్పుల వైపు చూస్తూ.

"సరి. జాగ్రత్తగా పోయిరా," అంది అమ్మ. అంతే అంది. గొంతు కూడా మామూలుగానే ఉంది.

స్టేషన్‌కు నేను పోయాను. ప్లాట్‌ఫారం మీద చివరాఖరికి వాన వెలిసి, కొండ మీద ఎండ పడింది. రైలుకు ఇంకా కాస్త టైముంది. అక్క కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఒక ఫోటో తియ్యి. ఉద్యోగంలో చేరే రోజుది," అంది.

కెమెరా తీశాను. అక్కడ కావలసినంత చోటుంది, ఎంత వెనక్కైనా జరగొచ్చు. జరిగి చూస్తే ఫ్రేములో ప్లాట్‌ఫారం, కొండ, ఖాళీ బెంచీలు. అక్క ఎక్కడో అగ్గిపుల్లంత. ముందుకు నడిచాను. ఇంకా ముందుకు. ఇంకొక అడుగు.

"ఏందే, మొకం మీదకి వస్తా ఉండావు?" అని నవ్వింది. ఎలక్షన్ తర్వాత అక్క నవ్వడం అదే మొదలు. వెంటనే నవ్వు ఆగిపోయింది. "జెన్నీ, ఒక్కటి చెప్పు. మన అమ్మ ఎప్పుడన్నా, ఒక్కసారన్నా, నాకోసరం గట్టిగా నిలబడుంటాదా?"

నేను ఆమెకు చెయ్యి చాచితే తగిలేంత దగ్గర ఉన్నాను. కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. గుసగుసగా చెప్పినా వినపడే దూరం.

"కదలబాక అక్కా," అన్నాను. నొక్కాను.